చీరలకు నాలుగు స్టార్లు, స్టూలు లేని కౌంటర్లకు ఒకటే

కూకట్‌పల్లి వైపున్న ఒక పెద్ద చీరల షోరూమ్ గురించి రాస్తున్నాను. పేరు రాయను. రాస్తే ఆ రోజు నాకు చీరలు చూపించిన అమ్మాయి ఎవరో కెమెరాలో చూసి ఇట్టే పట్టుకుంటారు. పైగా నేను చెప్పబోయేది ఆ ఒక్క షాపు సంగతే అని కూడా అనుకోవడం లేదు. అమీర్‌పేటలో చూశాను, దిల్‌సుఖ్‌నగర్‌లో చూశాను, విజయవాడలో మా ఆడపడుచుతో వెళ్లినప్పుడూ ఇదే చూశాను. పెళ్లిళ్ల సీజన్‌లో మీరు కూడా ఇలాంటి షాపుకే వెళ్తారు కాబట్టి చదవండి.

మా అక్క కూతురి పెళ్లికి బట్టలన్నీ నేనే చూడాల్సి వచ్చింది. మా ఇంట్లో బట్టల పని ఎప్పుడూ నాదే. నా పెళ్లికి ముందు ఖమ్మం కమాన్ బజార్‌లో ఒక బట్టల షాపులో పనిచేశాను. అంచు ముట్టుకుంటే జరీ ఎలాంటిదో చెప్పగలను, మడత చూస్తే చీర ఎన్నాళ్లుగా అల్మారాలో ఉందో చెప్పగలను. పెళ్లికూతురికి పట్టుచీరలు, అక్కకు, వియ్యపురాలికి మంచి చీరలు, ఇవి కాక బంధువులకు పెట్టుబడి చీరలు. పెద్ద లిస్టే.

ముందు సరుకు గురించి. పట్టు బాగుంది. పెట్టిన డబ్బుకు తగ్గ పట్టు. ప్రతి పట్టుచీరకీ హోలోగ్రామ్ ఉన్న సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంది, అడక్కుండానే చూపించారు. ధర్మవరం, కంచి, గద్వాల, నారాయణపేట వేటికవే వేరుగా సర్ది ఉన్నాయి. గద్వాల చీరలో ఒళ్ళు కాటన్, అంచూ కొంగూ పట్టు ఉన్న పాత రకం ఈ మధ్య చాలా చోట్ల దొరకడం లేదు. ఇక్కడ రెండు అల్మారాల నిండా ఉన్నాయి. అక్కకు ముదురు మెంతి రంగులో, కుంకుమ అంచుది తీసుకున్నాను. ధర కాస్త ఎక్కువే అయినా ఆ నేతకి ఇవ్వొచ్చు. పెట్టుబడి చీరలు మాత్రం అంతంత మాత్రం. కట్టలుగా తెచ్చిన సింథటిక్, రెండు ఉతుకులకు జరీ దారాలు లేచే రకం. అవి అక్కడ కొనకండి.

పోచంపల్లి కౌంటర్ దగ్గర జరిగింది చెప్పాలి. ఒక చీర రంగు నాకు బాగా నచ్చి పక్కన పెట్టమన్నాను. బోర్డు మీద పోచంపల్లి అనే ఉంది. చూపిస్తున్న అమ్మాయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇది ప్రింట్ మేడమ్, నేసింది కాదు. వెనక తిప్పి చూడండి" అంది. తిప్పితే నిజంగానే వెనక రంగు వెలిసినట్టుంది. పోచంపల్లిలో దారానికి ముందే ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు. అందుకే ఇలా నేసిన అసలు ఇక్కత్‌లో డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ ప్రింట్ చీరలు ఆ పేరు మీద, దాని సగం ధరకి పోతుంటే మగ్గం మీద కూర్చున్నవాడికి మిగిలేదేముంటుంది? 2019-20 చేనేత గణనలో దేశంలోని నేత కుటుంబాల్లో మూడింట రెండొంతుల మందికి నెలకు 5,000 కూడా రావడం లేదని తేలింది. ఆ అమ్మాయికి ఇవన్నీ తెలుసో లేదో కానీ, ఆ నెల తమ అంతస్తు టార్గెట్ ఇంకా పూర్తి కాలేదని తర్వాత మాటల్లో తెలిసింది. అయినా అమ్మకం పోతుందని చూడకుండా నాకు నిజం చెప్పింది. ఆ షాపులో నాకు దొరికిన అన్నిటికంటే మంచి సేవ అదే. దానికి ఆమెకు కంపెనీ ఇచ్చేది ఏమీ లేదు.

ఆ అమ్మాయిని చూడటం అక్కడే మొదలుపెట్టాను. నాకు, అక్కకు, పెళ్లికూతురికి మెత్తని కుర్చీలు వేశారు. టీ ఇచ్చారు, చల్లటి నీళ్ల బాటిళ్లు ఇచ్చారు. కౌంటర్ అవతల మాత్రం కూర్చోవడానికి ఒక్క స్టూలు లేదు. ఆ అంతస్తు మొత్తం చూశాను. ఎక్కడా లేదు. ఆమె ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ చీర తర్వాత చీర పరుస్తోంది. మధ్యలో ఒక్కసారి వెనకున్న అల్మారాకి ఆనుకుంది. దూరం నుంచి ఫ్లోర్ సూపర్‌వైజర్ చూశాడు, వెంటనే నిటారుగా నిలబడింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. పక్క కౌంటర్‌లో నా వయసు ఆవిడ ఉంది. ఆమె మడమల దగ్గర నరాలు ఉబ్బి నీలంగా కనిపిస్తున్నాయి.

మా రోజుల్లో షాపులో పరుపు ఉండేది. తెల్లటి దుప్పటి పరిచిన పెద్ద పరుపు. కొనేవాళ్లు చెప్పులు గుమ్మం దగ్గర వదిలి వచ్చి కూర్చునేవాళ్లు, మేమూ వాళ్ల ఎదురుగా కాళ్లు మడుచుకుని కూర్చునే చీరలు విప్పేవాళ్లం. మా షావుకారు ధర్మాత్ముడని చెప్పడం లేదు. జీతం తక్కువే, అదీ పదో తారీఖు దాటాకే వచ్చేది. కానీ అమ్మేవాళ్లు నిలబడే ఉండాలనే ఆలోచన అప్పుడు ఎవరికీ లేదు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు అదే పరుపు మీద అన్నం డబ్బాలు విప్పుకునేవాళ్లం. గాజు కౌంటర్లూ స్టీలు అల్మారాలూ వచ్చాక కొనేవాళ్లకు కుర్చీలు వచ్చాయి. అమ్మేవాళ్లకు కూర్చునే చోటే పోయింది.

పెళ్లికూతురు ట్రయల్‌కి అద్దం దగ్గరికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయితో కాస్త మాట్లాడాను. నేనూ ఇదే పని చేశానని చెప్పాక ఆమె "మేడమ్" మానేసి "అమ్మా" అనడం మొదలుపెట్టింది. పొద్దున పదింటికల్లా లోపల ఉండాలి. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించుతారు, కానీ ఆ తర్వాత కస్టమర్లు విప్పి వదిలేసిన చీరలన్నీ మడత పెట్టాకే బయటపడాలి. ఆ సమయానికి లెక్క లేదు. మధ్యాహ్నం తిండికి అరగంట. జీతం 14,000, పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. అందులో హాస్టల్‌కి కట్టాలి, ఊరికి పంపాలి.

"ఇంతకుముందు కౌంటర్‌కి ఇద్దరం ఉండేవాళ్లం అమ్మా. ఒకరు చూపిస్తే ఒకరు మడత పెట్టేవాళ్లు. ఇప్పుడు ఒక్కదాన్నే" అంది. ఆ ఒక్క మాటలో వాళ్ల రోజంతా ఉంది. ఇద్దరున్నప్పుడు ఒకరు నీళ్లు తాగి రావచ్చు, బాత్రూమ్‌కి వెళ్లి రావచ్చు, మడతలు ఎప్పటికప్పుడు అయిపోతాయి. ఒక్కరే అయినప్పుడు ఆ పనంతా షట్టర్ దించాక మిగిలిపోతుంది. బాత్రూమ్ సిబ్బందికి పై అంతస్తులో ఉందట. వెళ్లాలంటే సూపర్‌వైజర్‌కి చెప్పి, పక్క కౌంటర్ వాళ్లని చూడమని బతిమాలి వెళ్లాలి. అందుకని నీళ్లే తక్కువ తాగుతాం అంది. నా చేతిలో వాళ్లిచ్చిన చల్లటి బాటిల్ ఉంది. ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా ఉంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు వస్తాయని ఏ డాక్టరయినా చెప్తారు.

ఇన్సెంటివ్ సంగతి కూడా మారింది. మొదట్లో ఎవరు అమ్మిన చీర మీద వాళ్లకి ఇంత అని ఉండేదట. ఇప్పుడు అంతస్తు మొత్తానికి ఒక టార్గెట్. అది దాటితేనే అందరికీ, దాటకపోతే ఎవరికీ లేదు. దాటిన సీజన్ తర్వాత సీజన్‌కి టార్గెట్ పెంచుతారు. అంటే బాగా అమ్మడం వల్లే వచ్చేసారి డబ్బు రాకుండా పోతుంది. ఇది విన్నాక నాకు కోపం ఆగలేదు. నెలంతా నిలబడి అమ్మింది వాళ్లు.

ఈ పెద్ద షోరూముల లెక్క ఎలా ఉంటుందో ఇందులో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. చదరపు అడుగుకి ఎంత అమ్మకం అన్నదే వాళ్లకి ముఖ్యమైన అంకె. డబ్బు పెట్టినవాళ్లకి చూపించేది అదే, కొత్త బ్రాంచ్ తెరవాలా వద్దా అని తేల్చేదీ అదే. కొత్త బ్రాంచ్ తెరిచిన కొద్దీ పాత బ్రాంచ్‌లో లాభం ఇంకా చూపించాలి. మెయిన్ రోడ్డు మీద అద్దె తగ్గదు. ఏసీ కరెంటు బిల్లు తగ్గదు. హీరోయిన్‌తో చేయించిన ప్రకటనల ఖర్చు తగ్గించుకోరు. సులువుగా తగ్గేది కౌంటర్ దగ్గర మనిషి. ఇద్దరి చోట ఒకర్ని పెడితే ఆ నెలే లెక్కలో కనిపిస్తుంది. నిలబడి నిలబడి ఉబ్బిన కాళ్ల నరాలు ఏ లెక్కలోనూ రావు, ఆ ఖర్చు ఆ పిల్ల సొంత జేబులోంచి పోతుంది. ఆషాఢంలో యాభై శాతం తగ్గింపు, కేజీ లెక్కన చీరలు అని ఫ్లెక్సీలు చూసి మనం సంతోషంగా వెళ్తాం. ఆ తగ్గింపులో కొంత భాగం ఈ కౌంటర్ల వెనక నుంచే వస్తోంది.

చట్టం ఏమంటుందో కూడా రాస్తాను, ఎందుకంటే అక్కడ పనిచేసే పిల్లలు కొందరైనా ఇది చదవొచ్చు. మన దగ్గర 1988 నాటి షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ఉంది. దాని ప్రకారం షాపులో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదు. ఆపకుండా ఐదు గంటలు పని చేయించాక గంట విరామం ఇవ్వాలి. ఆ 8 గంటలకు మించి చేయిస్తే ఆ అదనపు గంటలకు రెట్టింపు జీతం ఇవ్వాలి. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థలకు రోజుకి 10 గంటల వరకు అనుమతి ఇచ్చింది కానీ షాపులను అందులోంచి మినహాయించింది. కాబట్టి "ఇప్పుడు పది గంటలు చట్టమే" అని ఎవరన్నా అంటే నమ్మకండి. షట్టర్ దించాక మడత పెట్టే సమయం కూడా పని సమయమే. ఫిర్యాదు చేయాల్సింది మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి.

కూర్చునే హక్కు విషయంలో కేరళ మనకంటే ముందుంది. కోళికోడ్‌లో మిఠాయి వీధిలో బట్టలు కుట్టుకునే విజి అనే ఆవిడ, షాపుల్లో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టి పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టింది. వాళ్లు మొదట అడిగింది బాత్రూమ్‌లు. ఆ తర్వాత కూర్చునే హక్కు. త్రిస్సూరులో చీరల షాపు ఆడపిల్లలు నెలల తరబడి ధర్నా చేశారు. ఏళ్ల పోరాటం తర్వాత 2018లో కేరళ ప్రభుత్వం చట్టం మార్చి, షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. చెన్నై టీ నగర్ షాపులకి పెళ్లి బట్టల కోసం మనవాళ్లు రైలెక్కి వెళ్తుంటారు. అక్కడి సేల్స్ పిల్లలకి చట్టంలో స్టూలు ఉంది. దేశమంతటికీ వర్తించిన ఫ్యాక్టరీల చట్టంలో 1948 నుంచీ నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి అన్న మాట ఉండేది, కానీ చీరల షాపు ఫ్యాక్టరీ కిందికి రాదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో మాత్రం నిలబడి పనిచేసే కార్మికులందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. కాగితం మీద ఉంది. కౌంటర్ వెనక లేదు.

ఈఎస్ఐ గురించి ఆ అమ్మాయికి చెప్పినదే ఇక్కడా చెప్తాను. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ల జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కట్టాలి. మీ కార్డు మీద ఉన్న నంబర్‌తో సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో కాళ్ల నరాలకి, మూత్రం సమస్యలకి ఉచితంగా చూస్తారు. డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఆ సెలవు రోజులకి జీతంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. ఇందుకు కావాల్సిన కాలం పని చేసి, చందా కట్టి ఉండాలి. ఆ అమ్మాయికి నెలనెలా డబ్బు కట్టించుకుంటున్నారని తెలుసు కానీ ఒక్కసారి కూడా ఆసుపత్రికి వెళ్లలేదు. ఇవేమీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. వాళ్లకి వారం సెలవు మామూలు రోజుల్లోనే వస్తుంది, ఆదివారం షాపు కిటకిటలాడుతుంది కదా. ఓపీ ఉండే రోజే సెలవు కాబట్టి వెళ్లమని చెప్పాను.

బిల్లు అయ్యాక మేనేజర్‌ని కలిశాను. అరవలేదు. కౌంటర్‌కి ఒక స్టూలు వేయండి, కస్టమర్ లేనప్పుడు కూర్చుంటారు అని అడిగాను. "కూర్చుంటే బద్ధకంగా కనిపిస్తారు మేడమ్, కస్టమర్లు కంప్లైంట్ చేస్తారు" అన్నాడు. నేనూ కస్టమర్‌నే, నిలబెట్టారని కంప్లైంట్ చేస్తున్నాను, రాసుకోండి అన్నాను. పుస్తకం తెప్పించాడు, రాశాను. అతనూ పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాడని ఆ తర్వాత గమనించాను. గంట గంటకీ అమ్మకం అంకె పైవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాలట. నేను మాట్లాడుతుండగానే అతని ఫోన్ మోగుతూనే ఉంది. అతని మీద నాకు కోపం లేదు. స్టూలు కొనాలా వద్దా అని తేల్చేది ఆ భవనంలో ఉన్నవాళ్లు కాదు.

మిగతా సేవల గురించి టూకీగా. పార్కింగ్ సెల్లార్‌లో ఉంది, వారాంతంలో నిండిపోతుంది. ఫాల్, పికో అక్కడే వేస్తారు, చెప్పిన రోజుకే ఇచ్చారు, కుట్టు శుభ్రంగా ఉంది. బ్లౌజ్ కుట్టుడు ఖరీదెక్కువ, బయట కుట్టించుకోండి. బిల్లింగ్ దగ్గర ఒకే వరస, సాయంత్రం చాలాసేపు నిలబడాల్సి వస్తుంది. మార్పిడి ట్యాగ్ తీయకపోతేనే, పట్టుచీరలకి లేదు. డబ్బు వాపసు ఇవ్వరు, వోచర్ ఇస్తారు. జరీ అసలుదా, కాదా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి, రాసి ఇస్తారు.

ముహూర్తం దగ్గరపడింది కాబట్టి పట్టుచీరలు అక్కడే తీసుకున్నాను. పెట్టుబడి చీరల ఆర్డర్ మొత్తం మాత్రం సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక చిన్న షాపులో ఇచ్చాను. చీరకి కొంచెం ఎక్కువ పడింది, తేడా మొత్తం కలిపితే ఒక మామూలు పట్టుచీర ఖరీదు. గుడ్డ మాత్రం మేలైనది. అక్కడ చూపించే ఇద్దరికీ ప్లాస్టిక్ స్టూళ్లు ఉన్నాయి, ఎదురుగా మాకూ అవే స్టూళ్లు. అక్క మొదట సణిగింది, చీరలు చూశాక ఒప్పుకుంది.

మీరు ఈ షోరూమ్‌కి వెళ్తే మామూలు రోజు పొద్దున వెళ్లండి, చూపించేవాళ్లకి కాస్త ఊపిరి ఉంటుంది. కొనే ఉద్దేశం లేని చీరలు విప్పించకండి. విప్పినవి మీరు కూర్చున్న చోటే సగం మడత పెట్టి ఇవ్వండి, రాత్రి వాళ్లకి అంత పని తగ్గుతుంది. మీతో ఉన్న కాసేపూ కూర్చోమని చెప్పకండి, సూపర్‌వైజర్ చూస్తే మాట పడేది వాళ్లే. చెప్పాల్సిందంతా మేనేజర్‌కి చెప్పి, ఫిర్యాదు పుస్తకంలో తేదీ వేసి రాయండి. కస్టమర్లే అడుగుతున్నారని పైదాకా తెలియాలి.

చీరలకి నాలుగు స్టార్లు. మొత్తం మీద నేనిచ్చేది రెండు. ఆషాఢం సేల్‌లో మళ్లీ వెళ్లి చూస్తాను, అక్క చిన్న కూతురికి కూడా సంబంధాలు చూస్తున్నారు. కౌంటర్ వెనక స్టూళ్లు కనిపిస్తే ఈ రివ్యూ మార్చి, షాపు పేరు కూడా రాస్తాను.